పిట్ట ముందు, తుపాకి తరువాత: పాయింటింగ్ కుక్కపిల్లకు వేట నేర్పడం ఎలా

గడ్డిలో అటూ ఇటూ పరుగెడుతున్న కుక్కపిల్ల ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. ముక్కు ముందుకు చాచి, తోక కర్రలా నిలిపి, ముందరి కాలు ఒకటి గాల్లోనే ఉంచేసి అలాగే నిలబడుతుంది. పది అడుగుల అవతల పొదలో పిట్ట ఉంది. కుక్క దాన్ని కంటితో చూడలేదు, ముక్కుతో పసిగట్టింది. ఇలా నిలబడి చూపించడాన్నే వేటగాళ్ళు ‘పాయింట్’ అంటారు.

పాయింట్ చేయడం మీరు నేర్పలేరు, నేర్పాల్సిన పనీ లేదు. నక్క ఎలుక మీదికి దూకే ముందు క్షణం సేపు కదలకుండా నిలబడుతుంది. పిల్లీ అంతే. ఆ క్షణం ఎక్కువసేపు నిలిచే కుక్కలనే తరతరాలుగా ఏరి జత కట్టించడం వల్ల పాయింటర్లు, సెట్టర్లు లాంటి జాతులు వచ్చాయి. పిట్టల వేటకు తుపాకి రాకముందు సెట్టర్లు పిట్టల ఎదుట నేలకు కరుచుకుని ఉండిపోయేవి, వేటగాళ్ళు వాటి మీదుగా వల లాగేవారు. ఆగడం వాటి రక్తంలోనే ఉంది. మరి మనం నేర్పేదేమిటి? పిట్ట రెక్క విదిల్చి లేచినా, తుపాకి పేలినా, పిట్ట కింద పడినా నిలబడిన చోటే ఉండటం. తన కోసం కాకుండా మనతో కలిసి వేటాడటం. ఈ రెండే.

వీటికి ఒక వరస ఉంది. ముందు పిట్ట అంటే పిచ్చి పుట్టాలి, తరువాత అదుపు రావాలి, పిట్ట మీద తుపాకి పేల్చడం ఆ తరువాతే. నేను చూసిన చెడిపోయిన కుక్కల్లో చాలావరకు తెలివి తక్కువై చెడినవి కావు, ఈ వరస తప్పి చెడినవే.

ఇంకో ముఖ్యమైన విషయం. అడవి పిట్టల వేటకు అనుమతి, సీజన్, లైసెన్సు దేశాన్ని బట్టి మారతాయి. కొన్ని చోట్ల వేట పూర్తిగా నిషేధం. మీరున్న చోట చట్టం ఏం చెబుతోందో ముందు తెలుసుకోండి. వేటకు వీలు లేకపోయినా, చట్టం ఒప్పుకునే చోట పెంపుడు పావురాలతో పాయింట్ వరకు, పిట్ట లేచినా నిలబడటం వరకు నేర్పవచ్చు. ఈ పనిలో నాకు ఎక్కువ ఆనందం ఇచ్చేదీ ఆ భాగమే. ఇంకొకటి, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు పొదిగే కాలంలో ఆ గడ్డిలోకి కుక్కను వదలకండి.

పిల్లను తెచ్చుకునేటప్పుడు

తల్లీ తండ్రీ వేటలో పనిచేస్తున్న ఈత నుంచే పిల్లను తీసుకోండి. ఇంగ్లీష్ పాయింటర్, ఇంగ్లీష్ సెట్టర్ దూరంగా, వేగంగా తిరుగుతాయి. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, బ్రిటనీ, విజ్లా కొంచెం దగ్గరగా పనిచేస్తాయి, పడిన పిట్టను తెచ్చివ్వడంలోనూ చురుకు. కాలినడకన వేటాడే కొత్తవారికి ఈ రెండో రకం తేలిక అని నా అభిప్రాయం. కొన్ని వంశాలు ప్రదర్శనల్లో అందం కోసమే పెంచుతూ వచ్చినవి, వాటిలో వేట గుణం పలచబడి ఉండవచ్చు. అందుకే పిల్ల రంగూ మచ్చలూ చూడటం కంటే దాని తల్లి పిట్ట ముందు ఎలా నిలబడుతుందో వెళ్ళి చూడటం మంచిది.

మొదటి నాలుగు నెలలు

ఎనిమిది వారాల పిల్ల ఇంటికి వచ్చిన రోజు నుంచే శిక్షణ మొదలైనట్టు. అయితే అది శిక్షణలా కనిపించకూడదు. మూడో వారం నుంచి పద్నాలుగో వారం వరకు పిల్ల లోకాన్ని ‘ఇది మామూలే’, ‘ఇది ప్రమాదం’ అని రెండుగా విడగొట్టుకుంటుంది. ఆ గడువులోనే ఎత్తు గడ్డి, ముళ్ళ పొదలు, చిన్న నీటి గుంటలు, కారు ప్రయాణం, కొత్త మనుషులు అన్నీ పరిచయం చేయాలి. టీకాలు పూర్తయ్యే వరకు ఊరకుక్కలు తిరిగే చోట మాత్రం దింపకండి.

రోజూ పది నిమిషాలు గడ్డిలోకి తీసుకెళ్ళి వదిలేయండి. మీరు మెల్లగా నడుస్తూ ఉండండి. అది మూతి పెట్టి వాసన చూస్తుంది, సీతాకోకచిలుక వెంట పడుతుంది, తడుస్తుంది, కింద పడుతుంది. మీరేమీ అనకండి. అప్పుడప్పుడు దారి మార్చి నడిస్తే అది తనంతట తానే మీరెక్కడున్నారో చూసుకోవడం నేర్చుకుంటుంది. దూరంగా తిరుగుతూ కూడా మనిషిని కనిపెట్టుకుని ఉండే అలవాటు ఇక్కడే పడుతుంది. పెద్దయ్యాక దాన్ని తేవాలంటే చాలా కష్టం.

మాటలు మూడు చాలు: ‘రా’, ‘ఆగు’, ‘పద’. ఈ వయసులో ‘రా’ ఒక్కటే నేర్పండి. పిలిచినప్పుడల్లా దానికి మంచే జరగాలి: తిండి ముక్క, నిమరడం, ఆట. పిలిచి తిట్టడం, పిలిచి స్నానం చేయించడం, పిలిచి గొలుసు వేసి ఇంటికి లాక్కుపోవడం వద్దు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ‘ఆగు’, ‘ఆగరా’, ‘ఆగమంటే ఆగవేం’ మనకు ఒకటే, కుక్కకు మూడు వేర్వేరు మోతలు. విజిల్ కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. రెండు మూడు చిన్న ఊదులు ‘రా’కి, ఒక పొడుగు ఊదు, తరువాత నేర్పబోయే ‘ఆగు’కి. గాలిలో మన గొంతు కంటే విజిల్ దూరం పోతుంది, మన కోపం అందులో వినిపించదు.

కర్రకు దారం కట్టి, చివర పిట్ట రెక్క వేలాడదీసి పిల్ల ముందు ఆడించడం చాలామంది చేస్తారు. కొన్నిసార్లు తరిమాక, అందదని అర్థమై, అది రెక్కను చూస్తూ నిలబడిపోతుంది. ఫొటోకు చాలా బాగుంటుంది. కానీ రెండు మూడు సార్లతో ఆపేయండి. ఆ రెక్కను అది కంటితో వేటాడుతోంది. మనకు కావలసింది ముక్కుతో వేటాడే కుక్క. ఆ ఆట ఎక్కువైతే కనిపించిన పిచ్చుకకల్లా నిలబడే కుక్క తయారవుతుంది.

పిల్ల నోట్లో చెప్పు పట్టుకుని వస్తే లాక్కోకండి, అరవకండి. మోకాళ్ళ మీద కూర్చుని, ఛాతీ నిమిరి, మెల్లగా అందుకోండి. ఈ రోజు చెప్పు తెచ్చినందుకు తిట్లు తిన్న పిల్ల రేపు పిట్టను తేవడానికి భయపడుతుంది. నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు పాలపళ్ళు ఊడి కొత్తవి వస్తుంటాయి. ఆ రోజుల్లో నోటికి సంబంధించిన ఆటలు తగ్గించండి. చిగుళ్ళు నొప్పిగా ఉన్నప్పుడు నోట్లో పెట్టిన వస్తువు మీద దానికి విముఖత పుడుతుంది.

తాడు

ఇరవై ఐదు, ముప్పై అడుగుల పొడవుండే, కాస్త బిరుసైన, నునుపైన తాడు కొనండి. మెత్తటి తాడు పొదలకు చుట్టుకుంటుంది. చివర ముడి గానీ, చేతికి తొడిగే ఉచ్చు గానీ ఉండకూడదు, గడ్డిలో ఎక్కడో ఇరుక్కుని కుక్క మెడకు దెబ్బ తగులుతుంది. చేతులకు గ్లౌజులు వేసుకోండి. పరుగులో తాడు జారితే అరచేయి కాలిపోతుంది.

మొదట్లో దాన్ని ఊరికే ఈడ్చుకుంటూ తిరగనివ్వండి. అలవాటయ్యాక ఎదురుగాలికి నడుస్తూ, మీరు కుడికి తిరిగినప్పుడు అది కుడికి, ఎడమకు తిరిగినప్పుడు ఎడమకు వచ్చేలా తాడుతో చిన్నగా గుర్తుచేయండి. చేనును కుడి ఎడమలుగా కోసుకుంటూ వెదకడం ఇలాగే నేర్చుకుంటుంది. ఎదురుగాలికి అడ్డంగా తిరిగే కుక్కకు తాను నడవని చోటు వాసన కూడా అందుతుంది. తాడును ఎప్పుడూ బిగపట్టి ఉంచకండి. ఒక్కసారి బిగించి వెంటనే వదలాలి. ఆ వదలడంలోనే ‘నువ్వు చేసింది సరే’ అన్న మాట ఉంది.

మొదటి పిట్ట

ఈ పనికంతా గుండెకాయ ఇదే. పిల్లకు నాలుగైదు నెలలు వచ్చి, గడ్డిలో ధైర్యంగా తిరుగుతుంటే మొదలుపెట్టవచ్చు.

పావురాలు వాడండి. బలంగా ఎగురుతాయి, గూటికి అలవాటు పడ్డవైతే తిరిగి ఇంటికి చేరతాయి, ఒకే పావురంతో చాలాసార్లు పనిచేయవచ్చు. మొదటి రోజు పావురాన్ని చేతిలో పట్టుకుని పిల్లకు వాసన చూపించి, దాని ముందే ఎగరనివ్వండి. వెంటపడి తరుముతుంది. తరమనివ్వండి. గుండె నిండా తరమనివ్వండి. ఇప్పుడు ఆపితే పిట్ట మీది మోజే చచ్చిపోతుంది. అలా నాలుగైదు పిట్టలు చేజారాక, ఎగిరిన దాన్ని తాను పట్టుకోలేనని దానికదే గ్రహిస్తుంది.

తరువాత పిట్టను గడ్డిలో దాచాలి. రెండు దారులున్నాయి. పావురం తలను రెక్క కింద మడిచి, నెమ్మదిగా ఊపి, ఆ వైపు నేలకు ఆనేలా పడుకోబెడితే కాసేపు మత్తుగా అలాగే ఉంటుంది. కానీ అది ఎప్పుడు లేస్తుందో మన చేతిలో ఉండదు, కుక్క దాన్ని నోట పట్టే ప్రమాదమూ ఉంది. రెండోది, రిమోట్‌తో తెరుచుకునే స్ప్రింగ్ పెట్టె, దీన్ని లాంచర్ అంటారు. ఖర్చయినా ఇదే మేలు. శిక్షణలో పిల్ల ఒక్కసారైనా దాచిన పిట్టను నోట కరిచిందంటే, ‘ఆగితే కాదు, దూకితే దొరుకుతుంది’ అన్న పాఠం నేర్చుకుంటుంది. ఆ ఒక్క పాఠం చెరపడానికి నెల పడుతుంది. లాంచర్ తెరుచుకునే చప్పుడుకు కొన్ని పిల్లలు బెదురుతాయి కాబట్టి, ముందు ఖాళీ పెట్టెను దూరంగా తెరిచి, ఆడుకుంటున్న పిల్లకు ఆ చప్పుడు అలవాటు చేయండి. పిల్ల పెట్టెకు రెండు మూడు అడుగుల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం మీట నొక్కవద్దు. పిట్ట ముఖం మీద పేలినట్టు అనిపిస్తుంది.

దాచేటప్పుడు మీరు నడిచిన దారి కూడా వాసనే. మీ అడుగుల వెంట నేల వాసన చూస్తూ వచ్చి పిట్టను కనిపెడితే అది వేట కాదు. గాలి ఎటు వీస్తుందో చూసి, పిట్టను దాచే చోటికి గాలి వచ్చే వైపు నుంచి వెళ్ళి పెట్టి, అదే దారిన వెనక్కి రండి. కుక్కను గాలికి అడ్డంగా తీసుకురండి. పిట్ట వాసన అది ఉన్నచోట సన్నగా మొదలై, గాలివాలున పోయేకొద్దీ వెడల్పయ్యే విసనకర్రలా పరుచుకుంటుంది. కుక్క ఆ విసనకర్ర అంచును పక్క నుంచి తాకగానే తల గిరుక్కున తిరుగుతుంది. ఆ క్షణాన్ని మీరు పట్టుకోవాలి.

ఇక్కడి నుంచి నోరు మెదపకండి. తల తిరిగి, నిలబడితే అలాగే నిలబడనివ్వండి. అడుగు ముందుకు వేస్తే వెంటనే మీట నొక్కండి, పిట్ట లేచిపోతుంది. మళ్ళీ ఇంకో చోట, ఇంకో పిట్ట. అడుగు వేస్తే పిట్ట పోతుంది, నిలబడితే పిట్ట ఉంటుంది. ఈ సంగతి మీరు చెబితే కుక్కకు అర్థం కాదు, పిట్ట చెబితే అయిదారు సార్లలో అర్థమవుతుంది. మధ్యలో మీరు ‘ఆగు ఆగు’ అని అరిస్తే, పిట్ట చెప్పే పాఠం మీ అరుపులో కొట్టుకుపోతుంది.

చాలామంది చేసే ఇంకో తప్పు, పిల్ల వాసన పట్టిన తరువాత మెల్లగా పాకుతూ దగ్గరికి పోతుంటే ముచ్చటపడి చూస్తూ ఉండటం. పాకడం మొదలవగానే పిట్ట లేవాలి. అడవి పిట్ట అంత దగ్గరికి రానివ్వదు, పెట్టెలో పిట్ట కూడా రానివ్వకూడదు. కుక్క ఇరవై, ముప్పై అడుగుల దూరంలోనే నిలబడటం నేర్చుకోవాలి.

ఒక రోజుకు రెండు పిట్టలు, మహా అయితే మూడు. ‘ఇంకొకటి ఉంటే బాగుండు’ అని పిల్ల వెనక్కి తిరిగి చూస్తుండగానే ఇంటికి తీసుకుపోండి. ఉదయం, కాస్త మంచు తడి ఉండి, తేలికపాటి గాలి వీచేటప్పుడు వాసన బాగా నిలుస్తుంది. ఎండ ముదిరి నేల పొడిబారాక కుక్క పిట్టను తొక్కుకుంటూ పోయినా దాని తప్పు కాదు. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలు ఉంటే, కుక్కకు 20 కోట్లకు పైగా ఉంటాయి. అయినా గాలి సహకరించని రోజున ఆ ముక్కూ ఏమీ చేయలేదు. అలాంటి రోజు పాఠం పెట్టకండి.

‘ఆగు’

పిట్ట పని సాగుతుండగానే, దానికి దూరంగా, ఇంటి పెరట్లో ‘ఆగు’ నేర్పండి. ఏడెనిమిది నెలల వయసు సరిపోతుంది. రెండు పనులనూ ఇప్పుడే కలపవద్దు.

మూడు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఉన్న చెక్క పలకను నేల మీద వేయండి. కుక్కను దాని మీదకు నడిపించి, ‘ఆగు’ అని ఒక్కసారే చెప్పండి. నాలుగు కాళ్ళ మీద నిలబడాలి, కూర్చోకూడదు. కూర్చోబోతే పొట్ట కింద చేయి పెట్టి లేపండి. దిగితే మాట్లాడకుండా ఎత్తి సరిగ్గా అదే చోట పెట్టండి. ఐదు సెకన్లు నిలబడితే తల మీద తట్టి ‘పద’ అనండి. తల మీద తట్టనిదే కదలకూడదన్నది మొదటి రోజు నుంచే నియమం. ఐదు సెకన్లు పదవుతాయి, పది నిమిషమవుతుంది. తరువాత మీరు చుట్టూ తిరగండి, దూరం వెళ్ళండి, దాని ముందు టోపీ విసరండి, గడ్డిని తన్నండి. పలక మీద ఖాయమయ్యాక పలక తీసేసి వట్టి నేల మీద, తరువాత నడుస్తుండగా, తరువాత పరుగెడుతుండగా తాడు సాయంతో.

నిలబడి ఉన్న కుక్కను ఎప్పుడూ ‘రా’ అని పిలవకండి. ఎంత దూరంలో ఉన్నా మీరే దాని దగ్గరికి నడిచి వెళ్ళి తట్టి వదలండి. పిలవడం అలవాటైతే, రేపు పాయింట్ మీద ఉన్నప్పుడూ మీ వైపు చెవులు పెట్టుకుని ‘ఎప్పుడు పిలుస్తాడా’ అని చూస్తుంది.

‘ఆగు’ రాయిలా తయారైందని నమ్మకం కుదిరాక దాన్ని పిట్ట దగ్గరికి తీసుకెళ్ళండి. అక్కడ కూడా కుక్క పాయింట్ చేసి నిలబడి ఉంటే ‘ఆగు’ అనవద్దు. ఆగే ఉంది కదా! పిట్ట లేచాక అది కదలబోతే అప్పుడు ఒక్కసారి చెప్పండి, తాడుతో నిలపండి, ఎత్తి మొదటి చోటికి తెచ్చి పెట్టండి.

ఎలక్ట్రానిక్ కాలర్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మాట పూర్తిగా తెలిసిన కుక్కకు, దూరంలో ఉన్నప్పుడు, అతి తక్కువ స్థాయిలో గుర్తుచేయడానికి అనుభవం ఉన్నవారు వాడవచ్చు. కొన్ని చోట్ల చట్టం దాన్ని అనుమతించదు. నేర్పడానికి మాత్రం అది పనికిరాదు. పిట్ట వాసన అందుతున్న క్షణంలో దెబ్బ తగిలితే, నొప్పి పిట్ట నుంచి వచ్చిందని కుక్క అనుకుంటుంది. ఆ తరువాత అది పిట్టను పసిగట్టి కూడా పసిగట్టనట్టు పక్క నుంచి తప్పుకుపోతుంది. పాకే కుక్కను సరిచేయవచ్చు, తరిమే కుక్కను సరిచేయవచ్చు. పిట్టను చూసి తప్పుకునే కుక్కను మళ్ళీ వేటకు తేవడం అన్నిటికంటే కష్టం. అలాంటిది ఎదురైతే ‘ఆగు’, తాడు, అన్నీ పక్కన పెట్టి, తొలి రోజులకు పోయి మళ్ళీ పిట్టలను తరమనివ్వండి.

పాయింట్ మీద తోక ఊపుతున్నా గమనించండి. పిట్ట అక్కడ ఉందో పోయిందో తెలియకపోవడమో, మీరు దగ్గరికి వస్తున్నందుకు టెన్షన్ పడటమో అయ్యుంటుంది. అప్పుడు గద్దించకండి. ఇంకాస్త తాజా వాసన దొరికేలా పిట్టను పెట్టి, మీరు తక్కువగా కదిలితే చాలావరకు సర్దుకుంటుంది.

తుపాకి శబ్దం

నా మొదటి కుక్కను నేనే పాడుచేశాను. ఐదు నెలల పిల్ల, పిట్ట మీద ఇంకా మోజు పుట్టనేలేదు. భయపడుతుందో లేదో చూద్దామని పక్కనే నిలబెట్టుకుని పేల్చాను. ఇంటి దాకా పరుగెత్తింది. ఆ తరువాత తుపాకి సంచి చూస్తేనే మంచం కిందికి దూరేది. ఏడాది పాటు ఓపికగా ప్రయత్నించినా దాని భయం పూర్తిగా పోలేదు. తుపాకి భయం పుట్టుకతో వచ్చేది చాలా తక్కువ, మనం తెచ్చిపెట్టేదే ఎక్కువ. అందుకే ఈ భాగంలో ఒక్క అడుగు కూడా దాటవేయవద్దని అడుగుతున్నాను.

పిల్ల పిట్టల వెంట ఒళ్ళు మరిచి పరుగెడుతున్నప్పుడే, ‘ఆగు’ను పిట్ట దగ్గరికి తేకముందే, శబ్దం మొదలుపెట్టాలి. ఒక సహాయకుణ్ణి వంద మీటర్ల దూరంలో, ఖాళీ గుళ్ళతో శబ్దం మాత్రమే చేసే చిన్న పిస్తోలు ఇచ్చి నిలబెట్టండి. మీరు పిట్టను వదలండి. పిల్ల తరుముతూ సగం దూరం పోయాక చేయి ఎత్తి సైగ చేయండి, అతను ఒక్కసారి పేలుస్తాడు. పిల్లను చూడండి. పట్టించుకోకుండా పరుగెడితే ఆ రోజుకు చాలు. తల తిప్పి చూసినా, వేగం తగ్గించినా తరువాతి సారి ఇంకా దూరం పెంచండి. రెండు మూడు వారాల్లో పది, పదిహేను మీటర్ల చొప్పున దగ్గరికి రండి. చిన్న పిస్తోలు దగ్గరలో కూడా మామూలైపోయాక అసలు తుపాకిని తీసుకుని మళ్ళీ వంద మీటర్ల నుంచి మొదలుపెట్టండి. అది పేలిన ప్రతిసారీ కుక్క ముందు పిట్ట ఉండాలి. పేలుడు వింటే ‘పిట్ట ఎక్కడ?’ అని పైకి చూసే కుక్కకు ఇక భయం లేదు.

బాణసంచా కాల్చే రాత్రుల్లో, ఉరుములప్పుడు పిల్లను ఇంటి లోపల, మీ దగ్గరే ఉంచుకోండి. ‘అలవాటవుతుందిలే’ అని తుపాకులు పేల్చే ప్రాక్టీసు మైదానానికి తీసుకుపోవడం అస్సలు వద్దు.

పిట్టను లేపడం, పేల్చడం, నిలబడటం

ఏడాది వయసుకు అటూ ఇటూగా అన్నీ కలుస్తాయి. కుక్క పాయింట్ మీద ఉంది. తాడు సహాయకుడి చేతిలో ఉంది. మీరు కుక్క వెనక నుంచి తిన్నగా దాని మీదికి నడవకండి, వెనక నుంచి నెడుతున్నట్టు అనిపించి అడుగు ముందుకు వేస్తుంది. పక్కకు దూరంగా వెళ్ళి, వంపు తిరిగి, దానికి కనిపించేలా ముందు వైపు నుంచి రండి. తొందరపడకండి, కుక్క కళ్ళలోకి చూడకండి. పొదను కాలితో కదపండి. పిట్ట లేస్తుంది.

మొదట్లో పేల్చవద్దు. పిట్ట ఎగిరిపోతుంటే కుక్క చూస్తూ నిలబడటమే పాఠం. అది కుదిరాక గాల్లోకి ఖాళీ గుండు. అదీ కుదిరాక పిట్టను కొట్టడం. కొట్టే మనిషి వేరుగా ఉండాలి, మీ కళ్ళు కుక్క మీదే ఉండాలి. పిట్ట పడ్డాక పది అంకెలు లెక్కపెట్టి, తల తట్టి పంపండి. నాలుగు పిట్టల్లో ఒకటి రెండు మీరే వెళ్ళి తెచ్చుకోండి, పడిన ప్రతి పిట్టా తనదే అనుకుంటే పడక ముందే దూకుతుంది.

ఒకే ఒక్క కఠినమైన నియమం పెట్టుకోండి. కుక్క పాయింట్ చేయని పిట్టను, కుక్క తరిమి లేపిన పిట్టను కొట్టకండి. ఎంత తేలిగ్గా దొరికేలా ఉన్నా సరే. మొదటి సీజన్ అంతా ఈ నియమం పాటిస్తే ఆ తరువాత పదేళ్ళు మంచి కుక్కతో వేటాడతారు. స్నేహితులతో వెళ్తే ఇంటి దగ్గరే ఈ మాట చెప్పి ఒప్పించండి. పిట్ట లేచాక చెబితే ఎవరూ వినరు.

పట్టుకొచ్చి ఇవ్వడం

రెండు వైపులా గోడలున్న సన్నటి వరండాలో మెత్తటి గుడ్డ చుట్టను విసరండి. పట్టుకుని తిరిగి రావడానికి మీ వైపు తప్ప దారి ఉండదు. రాగానే లాక్కోకుండా కాసేపు నోట్లోనే ఉంచుకోనిచ్చి నిమరండి. రోజుకు మూడు నాలుగు సార్లకు మించవద్దు. గుడ్డ నుంచి ఈకలు కట్టిన చుట్టకు, దాని నుంచి చల్లబరచిన చచ్చిన పిట్టకు, చివరగా అప్పుడే పడిన పిట్టకు మారండి. నోట్లో పిట్టను నమిలే కుక్కకు వెచ్చని పిట్టను తొందరగా ఇచ్చారనే అర్థం. గడ్డకట్టిన పిట్టతో కొన్నాళ్ళు పని చేయించండి, గట్టిగా ఉన్నదాన్ని నమలబుద్ధి కాదు. గాయపడి పరుగెత్తే పిట్టను కొత్త కుక్కతో పట్టించకండి. పెనుగులాటలోనే గట్టిగా కొరకడం అలవాటవుతుంది.

ఇంకో కుక్కతో కలిపి వేటాడాలనుకుంటే, ముందున్న కుక్క పాయింట్ చేయగానే రెండోది వెనకే నిలబడాలి. అట్ట మీద కుక్క ఆకారం కత్తిరించి, రంగు వేసి పొద పక్కన నిలిపి, అది కనిపించగానే ‘ఆగు’ చెబుతూ అలవాటు చేయవచ్చు. ‘ఆగు’ బాగా వచ్చిన కుక్కకు ఇది నాలుగు రోజుల పని.

మొదటి సీజన్

అడవి పిట్ట పెట్టెలో పిట్టలా కూర్చోదు. నేల మీద నడిచి జారుకుంటుంది. కుక్క పాయింట్ చేస్తుంది, మీరు వెళ్ళేసరికి ఏమీ ఉండదు. కుక్క అబద్ధం చెప్పిందని అనుకోకండి. తల తట్టి వదిలితే వాసన వెంట మెల్లగా కదిలి మళ్ళీ నిలబడుతుంది. కొన్ని పిట్టలను తొక్కి లేపేస్తుంది కూడా. తిట్టవద్దు. ఎంత దగ్గరికి పోవచ్చో, ఎక్కడ ఆగాలో అడవి పిట్టే చెబుతుంది, మన పాత పెట్టె కంటే బాగా చెబుతుంది.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. కుక్క ఎక్కడుందో తెలియకుండా పేల్చకండి. నడుము ఎత్తుకు తక్కువలో ఎగిరే పిట్టను వదిలేయండి, దాని వెనకే కుక్క ఉండవచ్చు. మెడకు ముదురు నారింజ రంగు పట్టీ, ఎత్తు గడ్డిలో చిన్న గంట ఉంటే మంచిది. గంట మోత ఆగిపోయిందంటే కుక్క పాయింట్ మీద ఉందన్న మాట.

ఎముకలు పూర్తిగా గట్టిపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, అందాకా రోజంతా పరుగెత్తించవద్దు. గంట, గంటన్నర చాలు. కుక్క తనంతట తాను ఆగదు, ఆపాల్సింది మీరే. దాని మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 105 దాటితే ప్రాణాపాయం. నాలుక బాగా వెడల్పై వేలాడటం, చిగుళ్ళు ఎర్రబారడం, జొల్లు చిక్కబడటం, నడక తూలడం కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి వైపు, నీళ్ళతో తడుపుతూ విసరండి, పశువైద్యుడి దగ్గరికి బయలుదేరండి. తాగే నీళ్ళు అరగంటకోసారి కొద్దికొద్దిగా ఇస్తూ ఉంటే ఆ ప్రమాదం తగ్గుతుంది.

ఇంటికి చేరగానే మీరు కూర్చునే ముందే కుక్కను చూడండి. కాలివేళ్ళ మధ్య, చంకల్లో, చెవుల లోపల, కనురెప్పల కింద వేలుతో తడమండి. గడ్డి ముళ్ళు చర్మంలోకి దిగి లోపలికి ప్రయాణిస్తాయి, కొన్ని రోజుల తరువాత చీముతో బయటపడవచ్చు. చెవి పదేపదే విదిలిస్తుంటే ముల్లు ఉండవచ్చు. పిడుదులు ఉంటే తలతో సహా పట్టుకారుతో తిన్నగా లాగేయండి. పాదాలు గోరువెచ్చని నీటితో కడిగి, ఆరబెట్టి, అది ఒగర్చడం పూర్తిగా తగ్గాకే అన్నం పెట్టండి.